జుర్జానీ గమనించిన గొంతువాపు

మెడలోని థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేయడం వల్ల కలిగే జబ్బులలో ముఖ్యమైనదానికి వైద్యలోకంలో రెండు పేర్లున్నాయి. డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లోను, జర్మన్ వైద్యుడు బాసెడో 1840లోను దానిని వర్ణించారు. అందుచేత ఇంగ్లీషువారు గ్రేవ్స్ పేరుతోను, జర్మన్లు బాసెడో పేరుతోను దానిని పిలుస్తారు. కేలబ్ ప్యారీ అనే ఇంగ్లీషు వైద్యుడు 1786లోనే అటువంటి రోగిని చూచాడు గాని, ఆయన వ్రాతలు మరణానంతరం 1825లో వెలువడ్డాయి.

వీరందరికంటె సుమారు ఏడు శతాబ్దాల పూర్వం గొంతువాపుకూ, కనుగుడ్లు ముందుకు పొడుచుకు రావడానికీ గల సంబంధాన్ని గమనించినవాడు సయ్యిద్ ఇస్మాయీల్ జుర్జానీ. ఆయన హిజ్రీ 504 (క్రీ.శ. 1110) ప్రాంతంలో ఖ్వారజమ్ చేరి, అక్కడి పాలకుని ఆశ్రయంలో 'జఖీరా-ఎ-ఖ్వారజమ్‌షాహీ' అనే బృహద్గ్రంథం రచించాడు. వైద్యవిద్యకు అరబ్బీయే భాషగా ఉన్న కాలంలో ఆయన ఫార్సీని ఎన్నుకున్నాడు. అనువాదమే వృత్తిగా గల నావంటివానికి ఇది చిన్న విషయంగా తోచదు. ఇబ్నెసీనా 'ఖానూన్' అరబ్బీలో ఉన్నందున 12వ శతాబ్దంలోనే లాటిన్‌లోకి పోయి ఐరోపా విద్యాలయాలలో పాఠ్యమైంది. జుర్జానీ గ్రంథం హీబ్రూ, తుర్కీ, ఉర్దూ భాషలలోకి వచ్చినా, ఐరోపాలో 'ఖానూన్'కు లభించిన ప్రచారం దానికి దక్కలేదు. తన ప్రజలకు అందుబాటులో ఉండే భాషలో వ్రాసినందుకు ఆయన చెల్లించిన మూల్యం బహుశా ఇదే కావచ్చు.

అయితే మనవారిలో కొందరు ఈ జబ్బును ఆయనే పూర్తిగా కనిపెట్టాడని వ్రాస్తుంటారు. అది సరికాదు. థైరాయిడ్ చేసే పని ఆనాడు ఎవరికీ తెలియదు. జుర్జానీ వైద్యమంతా చతుర్దోష సిద్ధాంతంపై నిలిచింది. రెండు లక్షణాలు ఒకేచోట కనిపించడాన్ని పట్టుకోవడం ఆయన ఘనత. ఆ ఘనతకు అతిశయోక్తి తోడు అక్కరలేదు.

ఈ జబ్బులో శరీర రక్షణవ్యవస్థే పొరబడి, గ్రంథిని నిరంతరం ప్రేరేపించే ప్రతిరక్షకాలను తయారుచేస్తుందని నేడు మనకు తెలుసు. గుండెదడ, చేతుల వణుకు, విపరీతమైన చెమట, బాగా తింటున్నా బరువు తగ్గడం దీని గుర్తులు. రక్తపరీక్షతో నిర్ధారణ అవుతుంది. చికిత్సలు మూడు: కార్బిమజోల్ వంటి మాత్రలు, రేడియో అయోడిన్, శస్త్రచికిత్స. మాత్రలు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర వాడవలసి ఉంటుంది. పొగత్రాగేవారికి కంటిబాధ మరింత ముదురుతుంది.

రమజాన్ మాసంలో కొందరు ఎవరినీ అడుగకుండానే మాత్రలు మానివేస్తారు. ఇది ప్రమాదకరం, చికిత్స హఠాత్తుగా ఆగితే జబ్బు ప్రాణాంతకంగా విజృంభించవచ్చు. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం వాయిదా వేసుకునే సడలింపును దివ్యఖుర్ఆన్ 'బఖరా' సూరాలోనే ఇచ్చింది. జబ్బు అదుపులో ఉన్నవారికి మందును ఇఫ్తార్, సహరీ వేళలకు మార్చడం తరచు సాధ్యమే గాని, ఆ నిర్ణయం వైద్యునితో మాట్లాడి తీసుకోవాలి. ఈ మాత్రలు వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ వేళ మందు ఆపి, ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లి రక్తంలోని తెల్లకణాలను లెక్కింపించుకోవాలి. అరుదుగానైనా ఈ మందు వాటిని హరిస్తుంది.