పైడి జైరాజ్

జైరాజ్, పైడి (28 సెప్టెంబరు 1909 – 11 ఆగస్టు 2000): హిందీ చలనచిత్ర కథానాయకుడు, దర్శకుడు, నిర్మాత. మూకీల చివరి రోజుల్లో బొంబాయి చేరి హీరోగా నిలదొక్కుకున్నారు. టాకీలు వచ్చాక కూడా దాదాపు ఆరు దశాబ్దాలు తెరమీద కనిపించిన తెలుగువాడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందారు. తెలుగువారిలో బి.ఎన్.రెడ్డి తర్వాత ఆ గౌరవం దక్కింది ఆయనకే. తెలంగాణ నుంచి ఆయనే మొదటివారు.

పుట్టింది కరీంనగర్‌లో. ఇంటిపేరును కొందరు పైడి అనీ, కొందరు పైడిపాటి అనీ రాశారు. తెరపేర్లలో మాత్రం పి.జైరాజ్ లేదా ఉత్త జైరాజ్ అనే ఉంటుంది. సరోజినీ నాయుడు కుటుంబంతో బంధుత్వం ఉందని ఆయన గురించి రాసినవారు చాలామంది పేర్కొన్నారు. మేనల్లుడన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది గానీ, దగ్గరి బంధువు అన్నంతవరకు తీసుకోవడం క్షేమం.

చదువు హైదరాబాద్ నిజాం కాలేజీలో. నాటకాల మీద, సినిమాల మీద మోజు అక్కడే పుట్టింది. అప్పటికి నగరంలో బొమ్మలాడే హాళ్లున్నాయి కానీ, బొమ్మలు తీసే వ్యవస్థ పుట్టినట్టే పుట్టి పోయింది. బెంగాల్ నుంచి వచ్చిన ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి వరసగా మూకీలు తీశారు. 1924లో ఆయన 'రజియా బేగం' ప్రదర్శించడం నిజాం ప్రభుత్వానికి కోపం తెప్పించింది. ముస్లిం రాణికీ హిందూ యువకుడికీ ప్రేమ నడిపిన కథ అది. గంగూలీ రాజ్యం విడిచి వెళ్లవలసి వచ్చింది, కంపెనీ మూతపడింది. నటుడు కావాలనుకున్న హైదరాబాద్ కుర్రవాడికి బొంబాయి రైలెక్కడం తప్ప వేరే దారి లేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పైచదువుకు విదేశం వెళతానంటే ఇంట్లో ఒప్పుకోలేదనీ, ఆ అలకతో ఇల్లు విడిచారనీ ఒక కథనం ఉంది. రెండూ నిజమే కావచ్చు. ప్రయాణం 1929లో అన్నదే ఎక్కువమంది మాట.

బొంబాయిలో మొదట పోస్టర్లకు రంగులు వేయడం, హీరోలకు డూపుగా దూకడం వంటి పనులు చేశారని చెబుతారు. తొలి చిత్రం 'జగ్‌మగ్‌తీ జవానీ' (1929) అని కొన్ని గ్రంథాలు, 'రసీలీ రాణి' (1930) అని కొన్ని పేర్కొంటాయి. మొదటిదాంట్లో చిన్న వేషం, రెండోదాంట్లో మాధురి సరసన కథానాయకుడు అనుకుంటే చిక్కు విడిపోతుంది. ఈ వ్యాసం ఆ వరసనే అనుసరిస్తోంది. ఆ తర్వాత సాహస చిత్రాలకు పేరుపడ్డ శారదా కంపెనీ ఆయనను తీసుకుంది. నటించిన మూకీలు పదకొండు అన్నది తరచుగా కనిపించే లెక్క. మన దేశంలో తయారైన 1,300 పైచిలుకు మూకీల్లో నేటికి మిగిలినవి బహు కొద్ది. కాబట్టి ఆ దశలో ఆయన నటన గురించి ఎవరేం రాసినా దానికి ఆధారం చాలావరకు ప్రకటనలూ, నిశ్చల చిత్రాలూ, తర్వాతివారి జ్ఞాపకాలే.

మూకీ హీరోకు కావలసింది ఒడ్డూ పొడుగూ, గుర్రపు స్వారీ, కత్తిసాము. మాట అవసరం లేదు. సంభాషణలు అక్షరాలుగా తెరమీద పడేవి. హీరో మాతృభాష ఏదైనా ప్రేక్షకుడికి పట్టేది కాదు. 14 మార్చి 1931న విడుదలైన 'ఆలం ఆరా' ఈ వెసులుబాటును ఒక్క దెబ్బతో తీసేసింది. ఆ సినిమా హీరో మాస్టర్ విఠల్. శారదా కంపెనీలోనే పెద్ద తారగా ఎదిగిన మరాఠీ నటుడు. ఉర్దూ ఉచ్చారణ సరిగా పలకకపోవడంతో, తొలి భారతీయ టాకీ కథానాయకుడికి చాలా సన్నివేశాల్లో మైకంలో ఉన్నట్టు చూపించి మాటలు తగ్గించారు. మూకీల మహారాణి సులోచన హిందుస్తానీ నేర్చుకోవడానికి కొంతకాలం తెరకు దూరం కావలసి వచ్చింది. అదే గట్టును జైరాజ్ తడబడకుండా దాటారు. కారణం అదృష్టమని కొందరు రాశారు. హైదరాబాద్ ఉర్దూ అనడమే సబబు. పాలనా భాష, బజారు భాష, కాలేజీ స్నేహితుల భాష ఉర్దూ అయిన నగరంలో పెరిగిన తెలుగువాడికి టాకీ కొత్త పరీక్ష కాలేదు. తొలి టాకీ 'షికారీ' తేదీ 1931 అనీ 1932 అనీ ఉంది, రెండోదే నమ్మదగినది.

తర్వాతి ఇరవై ఏళ్లు ఆయన పెద్ద సంస్థల్లో పనిచేశారు. బాంబే టాకీస్‌లో ఫ్రాంజ్ ఆస్టెన్ దర్శకత్వంలో 'భాభీ' (1938) మంచి పేరు తెచ్చింది. దేవికారాణి చివరి చిత్రం 'హమారీ బాత్' (1943)లో ఆమె పక్కన నటించింది జైరాజే. అదే సంస్థకు 'ప్రతిమ' (1945) దర్శకత్వం వహించారు. 'జ్వార్ భాటా' తర్వాత దిలీప్‌కుమార్ నటించిన రెండో సినిమా అది. దిలీప్ జీవిత చరిత్రల్లో ఈ సినిమా ఒక్క వాక్యంలో అయిపోతుంది, దర్శకుడి పేరు ఒక్కోసారి అసలే ఉండదు. ఇది సరిచేయవలసిన లోటు. సైగల్ పాటలతో గుర్తుండిపోయిన 'షాజహాన్' (1946)లోనూ ఆయన ఉన్నారు. 1951లో సొంతంగా 'సాగర్' తీశారు. ఆంగ్ల కవి టెన్నిసన్ 'ఈనాక్ ఆర్డెన్' కథకు అది రూపాంతరం, నర్గిస్ నాయిక. ఆ సినిమా ఆడలేదు, చేతులు కాలాయి.

యాభయ్యో పడిలో పడుతున్న వయసులో ఆయనకు రెండో జీవితం దొరికింది. 'హాతింతాయ్' (1956), 'అమర్ సింగ్ రాథోడ్' (1957), 'పృథ్వీరాజ్ చౌహాన్', 'టిప్పు సుల్తాన్' (రెండూ 1959), 'వీర దుర్గాదాస్' (1960), 'హైదర్ అలీ' (1962), 'చంద్రశేఖర్ ఆజాద్' (1963) ఇలా చారిత్రక, జానపద వీరులంతా ఆయన పాలికి వచ్చారు. మూకీల్లో అబ్బిన కత్తీ గుర్రం, హైదరాబాద్‌లో అబ్బిన ఉర్దూ ఈ వేషాల్లో కలిసొచ్చాయి. 1961లో 'రజియా సుల్తానా'లో నిరూపారాయ్ పక్కన నటించారు. హైదరాబాద్‌లో ఒక సినిమా కంపెనీని మూయించిన రాణి కథే, దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత ఆ నగరం నుంచి వెళ్లిన నటుడికి మామూలు వేషమైంది. మార్క్ రాబ్సన్ తీసిన ఆంగ్ల చిత్రం 'నైన్ అవర్స్ టు రామా' (1963)లో జి.డి.బిర్లా పాత్ర ఆయనది. తర్వాతి తరం ఆయనను చూసింది పోలీసు అధికారిగా, డాక్టరుగా, పెద్దమనిషిగా. 'షోలే' (1975)లోని పోలీస్ కమిషనర్ ఆయనే.

తెలుగు టాకీ మద్రాసులో వేళ్లూనడం, జైరాజ్ బొంబాయిలో స్థిరపడడం ఒకే కాలంలో జరిగాయి. అందుకే ఆయన పేరు ఆంధ్ర ప్రాంతపు సినిమా చరిత్రల్లో పక్కకు జరిగింది. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక పరిస్థితి మారింది. రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరు పెట్టారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలోనో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఫాల్కే పొందిన తొలి తెలంగాణ వ్యక్తిగా ఆయన పేరు తెలుసు. నారాయణగూడ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకు పోయే సినిమా అభిమానుల్లో మాత్రం ఆయన ముఖం గుర్తుపట్టగలిగేవారు తక్కువ.

నటించిన మొత్తం చిత్రాల సంఖ్య 170 అనీ, 200 అనీ, 300 అనీ అచ్చయింది. వీటిలో 170 దగ్గరి లెక్కే వాస్తవానికి చేరువ కావచ్చు. మరణం ముంబైలో.