బాలింత రక్తంలో కనబడిన ఆమ్లం

1843 జనవరి. జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో బాలింత జ్వరం ప్రబలి ఉంది. 23 ఏళ్ల అమ్మాయి తొలికాన్పులో పండంటి బిడ్డను కని, అంతలోనే కన్నుమూసింది. యోహాన్ యోసెఫ్ షేరర్ అనే వైద్యుడు శవపరీక్షలో ఆమె రక్తాన్ని పరీక్షిస్తే లాక్టిక్ ఆమ్లం బయటపడింది. ఆరోగ్యవంతుల రక్తంలో ఆయనకది ఎన్నడూ కనబడలేదు. ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్ అయినప్పుడు ప్రాణం ఎటు మొగ్గుతుందో రక్తాన్నే అడగవచ్చన్న ఆలోచనకు, నా దృష్టిలో, పుట్టినిల్లు ఆ శవపరీక్ష గదే.

ఆ జాడ పట్టుకోవడానికి వైద్యలోకానికి నూరేళ్లకు పైనే పట్టింది. ఈలోగా 1930లో న్యూయార్క్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల సీరమ్‌లో న్యుమోకాకస్ నుంచి తీసిన ‘సి’ పదార్థం కలిపితే అవక్షేపం ఏర్పడింది. జబ్బు నెమ్మదించిన వారిలో ఏర్పడలేదు. ఆ అవక్షేపానికి కారణమైన సీరమ్ ప్రోటీనే నేటి సీఆర్‌పీ. కాలేయం తయారుచేసే ఈ ప్రోటీన్ కీళ్లవాతానికీ పెరుగుతుంది, ఆపరేషన్ గాయానికీ పెరుగుతుంది. 1993లో పారిస్ పరిశోధకులు ప్రోకాల్సిటోనిన్ అనే మరో రక్త సూచికను ముందుకు తెచ్చారు. యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపవచ్చో తేల్చడానికి అది పనికొస్తుంది. మొదలుపెట్టడానికి మాత్రం దానికోసం ఆగవద్దనే 2021 అంతర్జాతీయ మార్గదర్శకాల సూచన.

షేరర్ చూసిన ఆమ్లపు రూపమైన లాక్టేట్ రక్తంలో పెరిగేకొద్దీ, రక్తప్రసరణ కుదేలై షాక్‌లో ఉన్నవారు బతికే ఆశ తగ్గుతుందని బ్రోడర్, వైల్ 1964లో చూపారు. ఆ తర్వాత వెతుకులాట ఎంత పెరిగిందంటే, 2010 నాటికి సెప్సిస్ సూచికలుగా 178 పదార్థాలను పరీక్షించారు. 2020 నాటికి అవి 258. ఏ ఒక్కటీ ఒంటరిగా రోగి భవిష్యత్తును తేల్చలేదు. 2016లో సెప్టిక్ షాక్‌ను కొత్తగా నిర్వచించినప్పుడు కూడా షేరర్ చూసిన ఆమ్లమే కావలసివచ్చింది: సెలైన్ ఎక్కించినా బీపీ నిలవడానికి మందు కావాలి, లాక్టేట్ లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటాలి. అలాంటి వారిలో 40 శాతానికి పైగా ఆసుపత్రిలోనే చనిపోతున్నారు.

అయితే లాక్టేట్ ఆక్సిజన్ చాలక మాత్రమే పెరగదు, అడ్రినలిన్ ఉరవడికీ పెరుగుతుంది, కాలేయం అలసినా పేరుకుంటుంది. 2019లో లాటిన్ అమెరికా ఐసీయూల్లో దానికి పోటీగా వేలిని నిలబెట్టారు. వేలికొసను గాజుపలకతో 10 సెకన్లు నొక్కి వదిలితే, పాలిపోయిన చర్మానికి 3 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. దాన్ని చూస్తూ చికిత్స చేసిన సెప్టిక్ షాక్ రోగుల్లో 28 రోజుల్లో 34.9 శాతం, లాక్టేట్ చూస్తూ చేసిన రోగుల్లో 43.4 శాతం మరణించారు. గణాంకపరంగా ఆ తేడా రుజువుగా నిలవలేదు. కానీ వేలు ఓడిపోలేదు.

మీ వాళ్లెవరైనా ఐసీయూలో ఉంటే ఒక్క రిపోర్టు చూసి గుండె జారనివ్వకండి. నిన్నటికీ ఇవాళ్టికీ అంకె దిగుతోందా, మనిషి తేరుకుంటున్నారా అని డాక్టరుగారిని అడగండి.