మచిలీపట్నం దారిలో రక్షణ సాంకేతికత: జగ్గయ్యపేట, నందిగామల చారిత్రక స్థానం

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేంద్ర రక్షణశాఖ ముందుంచిన ప్రతిపాదనలలో జగ్గయ్యపేట–దొనకొండ ప్రాంతాన్ని క్షిపణులు, మందుగుండు తయారీకి కేంద్రంగా పేర్కొన్నారు. జగ్గయ్యపేట, నందిగామల ఇంజనీరింగ్ పట్టభద్రులకు ఇది కొత్త ఆశ. ఈ రెండు పట్టణాలకూ ఆయుధాలతో సంబంధం పాతదే. అయితే ఇంతవరకు అది ప్రధానంగా దారి సంబంధమే. తయారీ విద్య ఆ దారికి రెండు కొసలలో పెరిగిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మచిలీపట్నం రేవునుండి గోల్కొండకు పోయే మార్గం కృష్ణా మెట్టసీమ మీదుగా సాగేది. నందిగామ, జగ్గయ్యపేటల గుండా పోయే నేటి 65వ జాతీయ రహదారి స్థూలంగా ఆ దిశనే అనుసరిస్తుంది. 1750 దశకంలో ఫ్రెంచివారి స్థావరం మచిలీపట్నంలోనూ, బుస్సీ సైన్యం హైదరాబాదులోనూ ఉండటంవల్ల ఈ మార్గానికి సైనిక ప్రాధాన్యం హెచ్చింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోటను పట్టుకోవడంతో తీరంలో ఆ ప్రాబల్యం ముగిసింది. తుపాకి, ఫిరంగి అనే మాటలు పరభాషలనుండి వచ్చినవి. మందుగుండు మాత్రం మనం కట్టుకున్న సమాసం. బేతవోలు వద్ద తండ్రి జగ్గన్న పేర జగ్గయ్యపేటను నిలిపిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి వంటి జమీందారుల సొంత బలగాలు కంపెనీ పాలనలో క్రమంగా కనుమరుగయ్యాయి. పేటలో వర్తకం మిగిలింది.

ఆధునిక ఘట్టానికి మూలం ఆయుధశాలలో లేదు, బడి ప్రయోగశాలలో ఉంది. 1920లలో మచిలీపట్నంలో వెలసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ విద్యాసంస్థలకు కావలసిన శాస్త్రీయ పరికరాలు తయారుచేసేది. కటకాన్ని అరగదీయడం, అక్షాన్ని సరిచూడటం, కొలతలో వెంట్రుకవాసి తేడాను పట్టుకోవడం – ఇవి పుస్తకంతో మాత్రమే వచ్చే విద్యలు కావు. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ ఈ కంపెనీని స్వీకరించింది. తరువాత ఆ కర్మాగారం సైన్యానికి రాత్రివేళ చూపునిచ్చే పరికరాలకు ప్రసిద్ధమైంది. విద్యార్థి దర్పణానికీ సైనికుని దృష్టియంత్రానికీ మధ్య అరవై ఏండ్ల చేతిపని ఉంది. మన పారిశ్రామిక చరిత్రలు ఈ అరవై ఏండ్లను ఒక్క వాక్యంతో దాటవేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అదే 1983లో దారికి రెండవ కొసన, హైదరాబాదులోని డి.ఆర్.డి.ఎల్. కేంద్రంగా సమగ్ర గైడెడ్ క్షిపణి అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని అప్పటికే అక్కడ ఏర్పడి ఉన్నాయి. ఆ ప్రయోగశాల 1962లో హైదరాబాదుకు వచ్చేనాటికి రక్షణమంత్రి శాస్త్ర సలహాదారు సూరి భగవంతం. ఆయన 1909లో ఇదే మెట్టసీమలోని ఆగిరిపల్లిలో జన్మించారు, కలకత్తాలో సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసి, ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలలో పనిచేసి, 1961నుండి 1969వరకు ఆ పదవిలో ఉన్నారు. చైనా, పాకిస్తాన్ యుద్ధాలు రెండూ ఆ కాలంలోనివే. కాంతి పరిక్షేపణం, స్ఫటికాలు ఆయన పరిశోధనా క్షేత్రాలు. రక్షణరంగానికి బయట నేర్చిన విద్యే ఇక్కడా రక్షణరంగానికి పనికివచ్చింది.

కనుక జగ్గయ్యపేట ప్రతిపాదనను భూమి లెక్కతో మాత్రమే చూడరాదు. మందుగుండు పరిశ్రమలో రసాయన, లోహ, యాంత్రిక శాస్త్రాలు చదివినవారికి చోటుంది. అయితే ఒక గుండు తయారైనంత మాత్రాన సైన్యానికి చేరదు. ప్రతి విడతనుండీ నమూనాలు తీసి పరీక్షించాలి, నిల్వలో, రవాణాలో చెడకుండా కాపాడాలి. ఈ పనికి పట్టాతోపాటు కార్ఖానా అలవాటు కావాలి. స్థానిక యువకుడు పరీక్షాగారంలో నిలుస్తాడా, ప్రహరీ బయట కాపలాకు నిలుస్తాడా అన్నది దానిపై ఆధారపడుతుంది. మచిలీపట్నంలో ఆ అలవాటు కుదరడానికి రెండు తరాలు పట్టింది.

ఈ చరిత్రను వెదకడం ఇప్పుడు మరింత కష్టం. 2022 పునర్విభజనతో జగ్గయ్యపేట, నందిగామలు ఎన్.టి.ఆర్. జిల్లాకు, ఆగిరిపల్లి ఏలూరు జిల్లాకు చేరాయి. మచిలీపట్నం కృష్ణా జిల్లాలోనే మిగిలింది. ఒకే దారి కథకు పరిశోధకుడు ఇకపై మూడు జిల్లాల కచేరీలు తిరగాలి.