ముక్కు కొలిచి మన చరిత్ర రాసినోళ్ళు

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మేము హిందూపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. గదిలో నలుగురం: ఇద్దరం సుగాలీలం, ఇద్దరం ఎరుకలోళ్ళం. మా ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. సెమినార్‌కు మా తెగల గురించి థర్‌స్టన్ పుస్తకం చూసి రాసుకు రమ్మన్నారు. 1909లో అచ్చయిన 'దక్షిణ భారత కులాలు, తెగలు', ఏడు సంపుటాలు. మూడో దాంట్లో కొరవ పేరు కింద ఎరుకలు, నాలుగో దాంట్లో లంబాడీలు ఉన్నారు. ఇంత పెద్ద పుస్తకంలో మనమున్నామని ముందు సంబరపడ్డాం.

థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం అధికారి. ఆ కాలంలో మానవశాస్త్రమంటే తలలు, ముక్కులు కొలవడం. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూరుతో హెచ్చిస్తే ఒక అంకె వస్తుంది. అది ఎంత పెద్దదైతే సంఘంలో స్థాయి అంత తక్కువని 1901 జనాభా లెక్కలు నడిపిన రిస్లీ వాదన. మేమూ స్కేలు పెట్టి కొలుచుకున్నాం. మా సుగాలీలిద్దరిదీ ఒకే తాండా, ఒకే అవ్వ మనవళ్ళం. అంకెలు మాత్రం కలవలేదు!

నవ్వు ఆగిపోయింది ఎరుకల పేజీల దగ్గర. గోడకు కన్నం ఎట్లా వేస్తారో, దేంతో వేస్తారో పేజీలకు పేజీలు. ఇవన్నీ ఎక్కడివని చూస్తే, ముల్లాలీ అనే పోలీసు అధికారి 1892లో మద్రాసు రాజధాని 'నేర వర్గాల' మీద పుస్తకం రాసున్నాడు. థర్‌స్టన్ అట్లాంటి రాతల్నే ముందు పెట్టుకున్నాడు. అంటే ఠాణా కాయితాలే శాస్త్రమైనాయి. పెళ్ళి పద్ధతులు, ఇంటిపేర్లు లాంటి పనికొచ్చే సంగతులూ ఉన్నాయిలే, కాదనం.

నిజానికి ఎరుకలోళ్ళు గాడిదల మీద ఉప్పు మోసి అమ్మినారు, బుట్టలల్లినారు. లంబాడీలు ఎద్దుల మీద ధాన్యం తోలినారు. మైసూరు యుద్ధాల్లో తెల్లోళ్ళ సైన్యానికి తిండి మోసిందీ వాళ్ళే. తర్వాత రోడ్లు, రైళ్ళు వచ్చినాయి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు పోయే లైను 1890లలో పడింది. సెలవులకు మేమెక్కేది ఆ లైన్లోనే. బతుకుతెరువు పోయినోడు ఏం తిని బతకాలని అడగాల్సింది పోయి, ఈ జాతి గుణమేందని రాసుకున్నారు.

1911లో నేరస్థ తెగల చట్టం మద్రాసుకూ వచ్చింది. పేర్ల నమోదు, వేలిముద్రలు, హాజరు. మద్రాసులో 1947లో, దేశమంతా 1952లో పోయింది. పుస్తకం మాత్రం లైబ్రరీలో అట్లే ఉంది.

సెమినార్లో థర్‌స్టన్ పేజీ పక్కనే మన పెద్దోళ్ళ మాట పెట్టాలనుకున్నాం. పెనుకొండ, ధర్మవరం పక్క తాండాల్లో, ఎరుకల వాడల్లో ఉప్పు, ఎద్దుల సంగతులు చెప్పగల అవ్వలు, తాతలు ఉంటే కింద రాయండి. ఆదివారం మేమే వస్తాం.