ఒక ఉత్తరం పుట్టుపూర్వోత్తరాలు

గుడి మాన్యం అనుభవిస్తూ గుడిలో దీపం పెట్టనివాణ్ణి మన పల్లెల్లో ఏమంటారో చెప్పనక్కర్లేదు. పదమూడో శతాబ్దపు ఇంగ్లండులో అలాంటివాళ్లు కోకొల్లలు. పదవి ఉన్నది ఇంగ్లండు చర్చిలో, దాని రాబడి చేరేది ఇటలీలో. పదవి దక్కినవాడు ఆ ఊరి మొహం కూడా చూసి ఉండడు. ఈ పద్ధతి మీద తిరగబడ్డ ఒక ఉత్తరం కథ ఇది.

1253లో పోప్ నాలుగో ఇన్నోసెంట్ నుంచి ఆజ్ఞ వచ్చింది. లింకన్ కథీడ్రల్‌లో ఇకమీదట ఖాళీ అయ్యే కానన్ పదవిని లవాన్యా వాసి ఫెడెరికోకి కట్టబెట్టాలి. ఈ ఫెడెరికో పోప్‌గారి ఇంటివాడే. దీనికి ఏ నియమం, ఏ ఆనవాయితీ అడ్డొచ్చినా లెక్కచేయనక్కర్లేదని కూడా అందులో రాశారు. 'నిబంధనలు సడలిస్తూ' అని వెలువడే సర్కారు ఉత్తర్వులు చదివినవాళ్లకు ఈ వరస కొత్తేమీ కాదు.

లింకన్ మేత్రాణులు (బిషప్) రాబర్ట్ గ్రోస్‌టెస్ట్‌కి అప్పటికి ఎనభై దాటాయంటారు. ఫ్రెంచిలో ఆ ఇంటిపేరుకు 'పెద్ద తల' అని అర్థం. ఊరికే వచ్చిన పేరులా అనిపించదు. ఆక్స్‌ఫర్డులో ఫ్రాన్సిస్కన్ సోదరులకు పాఠాలు చెప్పాడు. వెలుగు గురించి, ఇంద్రధనుస్సు గురించి గ్రంథాలు రాశాడు. వయసు మీద పడ్డాక గ్రీకు పట్టుబట్టి నేర్చుకుని అరిస్టాటిల్ నీతిశాస్త్రాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. పుట్టింది మాత్రం సఫోక్‌లో, ఒక పేద ఇంట్లో.

ఆ ఉత్తరానికి బీజం ఇరవై ఏళ్ల ముందే పడింది. 1232 ప్రాంతంలో జబ్బుపడి లేచాక, తనకున్న చర్చి పదవుల్లో ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ వదిలేశాడు. ఒకడు ఒకచోటే ఉండి మందను కాయాలన్నది ఆయన లెక్క. 1235లో మేత్రాణులయ్యాక అదే లెక్కను అందరికీ వర్తింపజేశాడు. హంబర్ నది నుంచి థేమ్స్ దాకా పరుచుకున్న మేత్రాసనం అది. తొలి తనిఖీల్లోనే ఏడుగురు మఠాధిపతులను, నలుగురు ఉపాధిపతులను దించేశాడు. చర్చి ఆవరణల్లో ఆటలు, తాగుడు పందాలు మాన్పించాడు.

ఆయన విచారణల పర్యటన సాగే తీరు చూడండి. ఒకచోట గురువులను, జనాన్ని పిలిపిస్తాడు. గురువులకు తానే ప్రసంగిస్తాడు. జనానికి ఒక సన్యాసి సోదరుడు ప్రసంగిస్తాడు. తోడొచ్చిన మిగతా సోదరులు పాపసంకీర్తనాలు వింటారు. పిల్లలకు భద్రమైన అభ్యంగనం ఆయన చేతులమీదుగానే. ఇదెక్కడి కొత్త వింత అని ముక్కున వేలేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

మఠాలవాళ్లకు ఆయనంటే హడల్. సెయింట్ ఆల్బన్స్ మఠంలో కూర్చుని చరిత్ర రాసిన మాథ్యూ పారిస్ అయితే, ర్యామ్సీ మఠంలో సన్యాసుల పడకలు కూడా వెతికించాడని, పెట్టెల తాళాలు పగలగొట్టించాడని కోపంగా రాసుకున్నాడు. కథ పూర్తిగా నమ్మాలో లేదో గానీ, ఆ కోపం మాత్రం నిజం. అన్నిటా ఆదర్శమూర్తి అనీ అనలేం. యూదుల గురించి ఆయన రాసినవి నేడు చదివితే తలదించుకోవాల్సిందే.

1250లో లియోన్ వెళ్లి పోప్ ఎదుటే, కార్డినల్స్ సమక్షంలో, చెడ్డ కాపరులకు మూలం ఈ పోప్ ఆస్థానంలోనే ఉందని ఆరోపణపత్రం చదివించాడు. ఫలితం సున్నా. పరదేశి గురువులు ఇంగ్లండు నుంచి పట్టుకుపోతున్నది ఏడాదికి డెబ్బై వేల మార్కులని ఆయన మనుషులు లెక్కకట్టారట. రాజుగారి సొంత రాబడి అందులో మూడో వంతు కూడా లేదట. ఈ అంకెలు చెప్పింది మాథ్యూ పారిస్. కాస్త తగ్గించి చదువుకున్నా తక్కువేమీ కాదు.

ఆ తర్వాతే ఫెడెరికో కోసం ఆజ్ఞ వచ్చింది. గ్రోస్‌టెస్ట్ జవాబు చిరునామా ఇంగ్లండులోని పోప్ ప్రతినిధి ఇన్నోసెంట్‌ది. ఇద్దరి పేరూ ఒకటే కావడంతో అది పోప్‌కే రాసిందని చాలాకాలం అనుకున్నారు. అందులో తిట్లు లేవు, తర్కం ఉంది. పోప్‌కి అధికారం ఇచ్చింది సంఘాన్ని కట్టడానికే గాని కూల్చడానికి కాదు. కాపరి లేక ఆత్మలు నాశనమయ్యే ఆజ్ఞ ఆ పీఠం నుంచి రానేరదు. కనుక విధేయుణ్ణి కాబట్టే ఈ మాట వినను, ఎదిరిస్తాను అన్నది సారాంశం. పోప్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడని, కార్డినల్స్ సర్దిచెప్పారని మాథ్యూ పారిస్ కథనం. అంతకుముందు తాళాల గురించి తిట్టిపోసిన ఆ సన్యాసే ఈ ఉత్తరాన్ని తన చరిత్రలో ఎక్కించి కాపాడాడు.

ఆ ఏడాది అక్టోబరులోనే బక్డెన్‌లో గ్రోస్‌టెస్ట్ కన్నుమూశాడు. నూరేళ్లు తిరిగాక, పోప్ అధికారాన్నే ఎదిరించిన జాన్ విక్లిఫ్ ఆ పేరును తన వాదానికి అండగా తెచ్చుకున్నాడు. గ్రోస్‌టెస్ట్ మాత్రం రోమ్‌ని కాదనలేదు, రోమ్ చేసిన ఒక పనిని కాదన్నాడు. ఈ తేడా విక్లిఫ్ పట్టించుకున్నట్టు లేదు.

పునీతుడిగా ప్రకటించమని ఇంగ్లండు నుంచి పలుమార్లు అర్జీలు వెళ్లాయి. రోమ్ ఒక్కదానికీ ఒప్పుకోలేదు. పోప్‌తో తెగతెంపులు చేసుకున్న ఇంగ్లండు చర్చి మాత్రం ఏటా అక్టోబరు 9న ఆయన్ను తలుచుకుంటోంది.