గింప్: బర్క్‌లీ నుంచి మన ఒత్తుల దాకా

1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు తరగతి కోసం ఒక కంపైలర్ రాయాల్సి వచ్చింది. ఆ పని మీద విసుగు పుట్టి దాన్ని పక్కన పెట్టేశారు. బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్ ఒకటి మొదలుపెట్టారు. మరుసటి ఏడాది మొదట్లో అది ‘గింప్’ పేరుతో జనంలోకి వచ్చింది.

అప్పటికి ఫొటోషాప్ వచ్చి ఐదారేళ్లయింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి థామస్ నోల్, సినిమా గ్రాఫిక్స్‌లో పనిచేసే ఆయన తమ్ముడు జాన్ కలిసి దాన్ని తయారుచేస్తే, అడోబీ కంపెనీ 1990లో విడుదల చేసింది. అంటే రెండూ విద్యార్థుల సొంత ఉత్సాహం నుంచి పుట్టినవే. నోల్ సోదరులు తమ ప్రోగ్రామ్‌ను కంపెనీ చేతిలో పెట్టారు. కింబల్, మాటిస్ సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మార్చినదాన్ని పంచితే మాత్రం అదే షరతుతో పంచాలి.

గింప్ తొలి రూపం 0.54లో లేయర్లు కూడా లేవు. అయినా దానితోనే లారీ యూయింగ్ అనే యువకుడు 1996లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుర్తయిన పెంగ్విన్ ‘టక్స్’ బొమ్మ గీశాడు. కడుపునిండా తిని హాయిగా కూర్చున్న పెంగ్విన్ కావాలన్నది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కోరిక. యూయింగ్ ముందు నలుపు తెలుపుల్లో గీసి, తర్వాత రంగులు అద్దాడు. ఆ బొమ్మను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చన్నాడు. ఎవరైనా అడిగితే తన పేరు, గింప్ పేరు చెప్పమన్నాడు. అదొక్కటే షరతు.

తొలి గింప్‌కు ఒక పెద్ద ఇబ్బంది ఉండేది. తెర మీద కనిపించే బటన్లు, మెనూలు, కిటికీలు గీయడానికి ‘మోటిఫ్’ అనే టూల్‌కిట్ మీద ఆధారపడింది. మోటిఫ్ మాత్రం కొనుక్కోవాల్సిన సరుకు. ప్రోగ్రామ్ ఉచితమే అయినా, దాన్ని తామే కంపైల్ చేసుకుని మెరుగుపరుద్దామనుకునే వాళ్లకు దారి మూసుకుపోయింది. దాంతో విసిగిన మాటిస్ సొంత టూల్‌కిట్ రాసుకున్నాడు. అదే జీటీకే. నా దృష్టిలో గింప్ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే. 1997లో మిగెల్ దె ఇకాజా, ఫెడెరికో మేనా కలిసి లైనక్స్ కోసం ‘గ్నోమ్’ డెస్క్‌టాప్ మొదలుపెట్టినప్పుడు జీటీకేనే పునాదిగా తీసుకున్నారు. బొమ్మల పనిముట్టు కోసం రాసుకున్న సామాను మొత్తం డెస్క్‌టాప్‌కే ఆధారమైంది.

ఇంతలో కింబల్, మాటిస్ చదువు ముగించుకుని వెళ్లిపోయారు. పని కొన్నాళ్లు కుంటుపడింది. కోడ్ కంపెనీ బీరువాలో ఉండి ఉంటే కథ అక్కడితో ముగిసేది. అందరి చేతుల్లో ఉంది కాబట్టి వాడుకునేవాళ్లే ముందుకొచ్చి అందుకున్నారు. 1998 జూన్‌లో 1.0 వచ్చింది. ఈ రోజుకీ గింప్‌లో దాచుకునే ఫైలు పేరు చివర ‘ఎక్స్‌సీఎఫ్’ అని ఉంటుంది. ఆ ఇద్దరూ సభ్యులుగా ఉన్న బర్క్‌లీ విద్యార్థి బృందం ‘ఎక్స్‌పెరిమెంటల్ కంప్యూటింగ్ ఫెసిలిటీ’ పేరే అది.

ఈ కథలో మనకు, తెలుగువాళ్లకు, నేరుగా తగిలే మలుపు తర్వాత వచ్చింది. ‘స్త్రీ’ అనే అక్షరం చూడండి. కంప్యూటర్ దాచుకునేది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మొత్తం ఆరు గుర్తులు. చివర వచ్చిన గుడిదీర్ఘం ఎగిరి వెళ్లి మొదటి ‘స’ నెత్తిన కూర్చోవాలి. త ఒత్తు కిందికి దిగాలి. క్రారవడి దాని పక్కనో కిందో ఒదగాలి. ఇంగ్లిష్ అక్షరాలను వరసగా పేర్చడానికి రాసిన ప్రోగ్రామ్‌కు ఈ విద్య రాదు. అందుకే మన డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి అను ఫాంట్లతో నెట్టుకొచ్చాయి. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెట్టి అతికించే పద్ధతి అది. ఫాంట్ మారితే రాసిందంతా అర్థంకాని గీతలైపోతుంది. యూనికోడ్ తెలుగును, అంటే పైన చెప్పినట్టు గుర్తులవారీగా దాచినదాన్ని, తెచ్చి ఫొటోషాప్‌లో అతికిస్తే ఒత్తులు చెల్లాచెదురై పొల్లులు తేలిన రోజులు ఈ వృత్తిలోని వాళ్లకు బాగా గుర్తుంటాయి.

జీటీకే మీద పనిచేసిన ఓవెన్ టేలర్, ప్రపంచ లిపులన్నిటినీ సరిగ్గా కూర్చడానికి ‘పాంగో’ అనే లైబ్రరీ రాశాడు. 2002లో వచ్చిన జీటీకే 2.0 దాన్ని కలుపుకుంది. 2004లో గింప్ 2.0 దాని మీద నిలబడింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన లాంటి యూనికోడ్ ఫాంట్ ఉంటే చాలు, బొమ్మ మీద నేరుగా తెలుగు టైపు చేయగలిగే వీలు ఏర్పడింది. అంతటితో ఆగలేదు. పాంగోలో, ఫాంట్లను చదివే ఫ్రీటైప్ లైబ్రరీలో ఉన్న లిపి కూర్పు కోడ్ నుంచి ‘హార్ఫ్‌బజ్’ పుట్టింది. పాంగోను చూసుకున్న బెహ్దాద్ ఎస్ఫాబోద్ దాన్ని కొత్తగా తిరగరాశాడు. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు ఒత్తులు సరైన చోట పడుతున్నాయంటే ఆ పని చేస్తున్నది హార్ఫ్‌బజ్. చివరికి ఫొటోషాప్ కూడా అదే తెచ్చుకుని వాడుకుంటోంది.

గింప్‌లో లోపాలు లేవని చెప్పను. లాస్ ఏంజెలెస్‌లోని రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియో (తర్వాతి కాలంలో హైదరాబాద్‌లోనూ శాఖ పెట్టిన సంస్థే) సినిమా ఫ్రేముల కోసం గింప్‌ను తమకు తగ్గట్టు మార్చుకుంది. ఒక్కో రంగుకు ఎక్కువ బిట్లు కావాలన్న ఆ అవసరం లోంచే 2000లో ‘గెగల్’ అనే కొత్త ఇంజిన్‌కు బీజం పడింది. దాని పూర్తి ఫలం మామూలు వాడుకరికి 2018లో, గింప్ 2.10తో గానీ అందలేదు. వేసిన ఫిల్టర్‌ను తర్వాత ఎప్పుడైనా తెరిచి సరిచేసుకునే సౌకర్యం 2025 మార్చిలో వచ్చిన 3.0 దాకా ఆగింది. ఆఫ్‌సెట్ ప్రెస్‌కు కావలసిన నాలుగు రంగుల పద్ధతిలో నేరుగా పని చేయడం ఇప్పటికీ కుదరదు. శుభలేఖలు వేసే ప్రెస్సువాళ్లకు ఇది నిజమైన ఇబ్బంది. జీతం లేకుండా, తీరిక వేళల్లో పనిచేసే కొద్దిమంది మీద ఇంత పెద్ద పని ఆధారపడితే ఆలస్యం తప్పదు.

2013లో అడోబీ ఒక్కసారి కొనుక్కునే పద్ధతిని మాని చందా బాట పట్టింది. చందా ఆగితే పనిముట్టూ ఆగిపోతుంది. నెలనెలా కట్టలేని చిన్న ఫొటో స్టూడియోలు, ఫ్లెక్సీ షాపులు, విద్యార్థులు క్రాక్ వెర్షన్‌ను ఆశ్రయించారు. దాంతోపాటే వైరస్‌లూ వచ్చాయి. నిజానికి వాళ్ల మామూలు పనులకు, అంటే ఫొటో బ్యాక్‌గ్రౌండ్ మార్చడానికి, పోస్టర్ వేయడానికి, పాత ఫొటో బాగుచేయడానికి, వెబ్‌సైటుకు బొమ్మలు సిద్ధం చేయడానికి గింప్ ధారాళంగా సరిపోతుంది. మండలి, రామభద్ర, ధూర్జటి, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లూ ఉచితంగా దొరుకుతున్నాయి.

మన కాలేజీ ల్యాబుల్లో, కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో దొంగ కాపీలు తీసేసి గింప్ పెట్టించండి. పిల్లలకు దానితోనే నేర్పండి. తెలుగు రాస్తున్నప్పుడు ఎక్కడైనా ఒత్తు తప్పుగా పడితే సర్దుకుపోకుండా, ఏ ఫాంట్‌లో ఏ అక్షరం దగ్గర తప్పు వచ్చిందో తెరపటంతో సహా రాసి తయారీదారులకు పంపండి. చేతనైతే కోడ్ తెరిచి మీరే దిద్దండి.