చిలుక పలుకుల వెనక కథ

1958లో బీబీసీ మాట్లాడే పక్షులకు పోటీ పెట్టింది. ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర ఓ ఇంట్లో పెరిగిన స్పార్కీ అనే బడ్జెరిగార్ గెలిచింది. గుప్పెట్లో పట్టేంత చిన్న చిలుక అది. యజమానురాలు ఓపికగా నేర్పితే ఐదు వందలకు పైగా మాటలు, ఎనిమిది పిల్లల పాటలు వంటబట్టించుకుంది. దాని గొంతుతో వేసిన గ్రామఫోను రికార్డు ఇరవై వేల దాకా అమ్ముడుపోయింది. 1962లో చనిపోయాక దాని దేహాన్ని మ్యూజియంలో దాచారు.

మాట్లాడే చిలుక మనకు కొత్త కాదు. సంస్కృత శుకసప్తతిలో చిలుక డెబ్బై రాత్రులు కథలు చెబుతుంది. పదిహేడో శతాబ్దంలో పాలవేకరి కదిరీపతి దాన్ని తెలుగు పద్యకావ్యంగా మలిచాడు. కుప్పం, రామకుప్పం, పుంగనూరు వైపు తిరునాళ్లలో చిలక జోస్యం చూడనివాళ్లు తక్కువ. గూటి తలుపు తీస్తే చిలుక గునగునా నడిచొచ్చి, ముక్కుతో ఓ కార్డు లాగి పడేసి, ఓ వడ్లగింజ అందుకుని మళ్లీ లోపలికి పోతుంది. దేవుడి బొమ్మ చూసి జాతకం చెప్పేది జోస్యుడు. చిలుక నోరు విప్పదు.

మరి మాట్లాడే చిలుక ఎలా, ఎందుకు మాట్లాడుతుంది? పక్షికి ధ్వని పుట్టించే అవయవం శ్వాసనాళం రెండుగా చీలేచోట ఉంటుంది. పెదవులు లేకపోయినా చిలుక మందపాటి నాలుకను కదిలిస్తూ మన మాటల్ని పోలిన ధ్వనులు పుట్టిస్తుంది. వెనిజులాలోని చిన్న చిలుకలపై 2011లో వెలువడిన పరిశోధన ఇంకో సంగతి తేల్చింది: గూట్లో ఉండగానే తల్లిదండ్రులు ఒక్కో పిల్లకు ఒక్కో పిలుపు నేర్పుతాయి. అంటే పేరు పెడతాయన్నమాట. గుంపులో కలవడానికే చిలుక పలుకులు నేర్చుకుంటుంది. పంజరంలో దానికి తన గుంపు లేదు కనుక మనల్నే గుంపు అనుకుంటుంది. ఆ ముద్దుమాటల వెనకున్నది ఒంటరితనం.

రామచిలుకను పట్టడం, అమ్మడం, పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా చెట్టు తొర్రల్లోంచి రెక్కలు రాని పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు ఉన్నారు. తొర్రలున్న ముసలి చెట్లను పనికిరావని కొట్టేస్తున్నాం కూడా. ఇందుకు భిన్నంగా మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో బోడికొండల మీద చెట్లు పెంచారు. పక్షులు వచ్చి చేరాయి. 1991లో ఆ లోయ పక్షుల సంరక్షణ కేంద్రమైంది. రామకుప్పం పొలిమేరల్లోనూ ఆ పని జరగాలి. తొర్ర ఉన్న చెట్టును ఉండనిద్దాం, పంజరం కొనడం మానేద్దాం. చిలుకను తన పిల్లలకు తన మాటలే నేర్పుకోనిద్దాం.